వేలి మందం ఉప్పు

ఏటి వరద కింది వంతెనను పట్టుకుపోయిన తరవాత ఏడో ఏడు అది. మా ఊళ్లో అందరం అలాగే లెక్కపెట్టుకుంటాం. ఫలానావాడి పెళ్లి వరదకి ముందు రెండో ఏడు. ఫలానావాడు పోయింది వరద తరవాత నాలుగో ఏడు. కేలండరు స్కూలు గోడకి ఉండేది. నేను స్కూల్లో ఉన్నది మూడేళ్లే.

పోయిన వారం చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్తాను. నా పేరు కిసాకు. మా కామినహరాలో ముప్ఫై నాలుగు ఇళ్లు. ఏటా మంచు కరగడం మొదలవగానే నేను పెద్ద బాన ఒకటి బండి మీద ఎక్కించుకుని ఇల్లిల్లూ తిరుగుతాను. సోయా గింజలు ఉడకబెట్టి, దంచి, బూజు పట్టించిన బియ్యం, ఉప్పు కలిపి ఆ ఇంటి ఖాళీ పీపాలో తొక్కిపెడతాను. అదే మిసో. ఏడాది పొడుగునా మూడు పూటలా చారు దానితోనే. ఇది మా నాన్న చేసిన పని. ఆయన తరవాత మా అన్న దెంజో చేశాడు. నాన్న యాభై ఒకటో ఏట పక్షవాతంతో పోయాడు. అన్నకి మూడేళ్ల కిందట కుడి పక్క పడిపోయింది, మాట సగం పోయింది. ఊళ్లో రెండిళ్లకొకరు అలా పోయినవాళ్లో పడిపోయినవాళ్లో ఉంటారు.

పట్నం డాక్టర్లు వచ్చి రెండు చలికాలాలు ఉండి, అందరి రక్తపోటూ చూసి, అందరి తిండీ తూచి, కాగితాలు రాసుకుని, ఇదంతా ఉప్పు చేస్తున్న పని అని తేల్చారు. తేల్చినవాళ్లు వెళ్లిపోయారు. తేల్చినదాన్ని మా గిన్నెల్లోకి దించే పని ఒక్క మనిషి మీద పడింది. ఆమె నర్సమ్మ కరసావా.

నర్సమ్మ నెలకోసారి ఇంటికొక సీసా చారు తెమ్మంటుంది. అందులో మీటరు ముంచి చూస్తుంది. ఉప్పు ఎక్కువైతే ఊరి చావిడి గోడకి తగిలించిన పటంలో ఆ ఇంటి పేరు పక్కన ఎర్ర బిళ్ళ, తగ్గితే ఆకుపచ్చ బిళ్ళ. ఏడాదిన్నరలో పటం అంతా ఆకుపచ్చ అయిపోయింది. అందరిలోకీ చప్పటి చారు మా వదిన ఉమెనోది. అయినా అన్న రక్తపోటు నూట తొంభై దిగలేదు.

ఆ రోజు పొద్దున్న గింజల గంప ఇవ్వడానికి వదిన ఇంటి పెరటి వైపు నుంచి వెళ్లాను. వదిన పొయ్యి దగ్గర ఉంది. సీసాలో సగం దాకా చారు పోసింది. మిగతా సగం కెటిల్లోంచి వేడినీళ్లు పోసింది. మూత బిగించి, గుడ్డతో తుడిచి, వెనక్కి తిరిగింది. నేను గడపలో ఉన్నాను.

అక్కడ ఆపాను. ఇక ఈ వారం సంగతి.

"చలి లోపలికొస్తోంది. తలుపు మూసి రా," అంది వదిన.

మూశాను. గంప దించాను. వదిన టీ పోసింది, ముల్లంగి ఊరగాయ పెట్టింది. తిన్నాను.

"చూశావుగా."

"చూశా."

"ఎవరితోనూ అనకు. ఆవిడ మోకాలిలోతు మంచులో నడుచుకుంటూ వస్తుంది పాపం. అంత కష్టపడే మనిషి చేత ఎర్ర బిళ్ళ ఎలా అంటించను? నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

నాకు వింతగా అనిపించలేదు. చుట్టం వస్తుంటే ఇల్లు ఊడుస్తాం. అలాంటిదే. నోరు మూసుకుని టీ తాగి బయటికొచ్చాను.

మధ్యాహ్నం రెండింటికి ఊరి చావిట్లో మీటింగు. ముప్ఫై నాలుగు ఇళ్ల నుంచీ ఆడవాళ్లు సీసాలు పట్టుకుని వచ్చారు. నేను ఒక మూల కూర్చున్నాను. సీసాల పని అయ్యాక చీట్లు తీస్తారు. బాన ఎవరింటికి ముందు వెళ్లాలో, ఎవరింటికి తరవాతో చీటీయే చెప్తుంది. ఉప్పు బస్తాలు ఎన్ని తెప్పించాలో కూడా ఆ రోజే రాస్తారు. అందుకే మగవాణ్ణి నన్నొక్కణ్ణీ రానిస్తారు.

నర్సమ్మ మీటరు ముంచింది, తుడిచింది, ముంచింది. ముప్ఫై నాలుగు సార్లూ ఆకుపచ్చే. ప్రతిసారీ చప్పట్లు. తొయో సీసాకి కూడా చప్పట్లు కొట్టారు. తొయో అంటే పై వీధి చివరింటావిడ. ఆవిడ ఇంట్లో చారు తాగితే ఇంటికెళ్లేలోపు రెండు చోట్ల ఆగి నీళ్లు అడగాలి. నేను అడిగాను కూడా.

అందరిదీ అయ్యాక నర్సమ్మ మోకాళ్ల మీద సర్దుకుని కూర్చుంది. మనిషి సన్నగా ఉంటుంది. నలభై దాటలేదు. చలికి చేతులు పగిలి ఉంటాయి.

"రేపు పదింటికి పట్నం నుంచి డాక్టరుగారు వస్తున్నారు. మీకు ముందే ఒక మాట చెప్పాలి," అంది. "మీరు ఉప్పు సగానికి సగం తగ్గించారు. మీటరు అదే చెప్తోంది. కానీ రక్తపోటు మాత్రం ఎవరికీ తగ్గలేదు. దెంజో గారికి మరీను. అందుకని డాక్టరుగారు ఉత్తరం రాశారు. ఈ ఊళ్లో కారణం ఉప్పు కాదేమో, చలో, బరువు పనో, రక్తంలోనే ఉందో అని. రేపు పటం చూసి, ఇక్కడ ఉప్పు పని ఆపేస్తారు. నన్ను సముద్రం ఒడ్డున ఇంకో ఊరికి వేస్తారు."



"మీరు చెయ్యాల్సిందంతా చేశారు. ఇందులో మీ తప్పేం లేదు," అని నర్సమ్మ నుదురు చాపకి తగిలేలా వంగి దణ్ణం పెట్టింది.

ఆడవాళ్లందరూ చాప వైపే చూస్తున్నారు. వదిన కూడా. నేను వదిన మెడ చూస్తున్నాను. అన్న గుర్తొచ్చాడు. ఉప్పు కాదని రేపు కాగితం మీద రాసేస్తే ఇక ఎవరూ అడగరు. అన్న మూడు పూటలా అదే చారు తాగుతాడు. నాన్నలాగే రెండోసారి పడిపోతాడు. రెండోసారి పడ్డవాళ్లు మా ఊళ్లో లేవలేదు.

షిగెనో గొంతు సవరించుకుంది. ఆ ఏడు ఆరోగ్యం పని వంతు ఆ అమ్మాయిది. ఇంటింటికీ రెండేళ్ల చొప్పున తిరుగుతుంది ఆ వంతు.

"సరే, చీట్లకి ముందు ఉప్పు రాసేద్దాం. బాబాయ్, ఎన్ని బస్తాలు?"

మాటవరసకి అడిగింది. అడగకుండా రాసినా రాసేది. నేను చూద్దాం అనొచ్చు. రేపు చెప్తా అనొచ్చు. మామూలుగా నేను తల ఊపి ఊరుకుంటాను.

"ముప్ఫై నాలుగు," అన్నాను.

నర్సమ్మ సీసాలు సర్దుకుంటోంది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"కిసాకు గారూ, పోయినేడు ఎన్ని?"

"ముప్ఫై నాలుగు."

"అంతకు ముందేడు? నేను రాకముందు?"

"ముప్ఫై నాలుగే. ఇంటికొక బస్తా. నాన్న నాటి నుంచీ అంతే. వరద ఏడు ఒక్కటే నాకు తెలీదు. అప్పుడు నేను వంతెన పనిలో ఉన్నా."

"మరి పీపాల్లో పాత మిసో మిగులుతోందా? చారులో సగమే వేస్తున్నారు కదా?"

"మిగలదు. ఇంటికి రెండు పీపాలు, తింటున్నదొకటి, ఖాళీదొకటి. ఆ ఖాళీదాన్ని అడుగు గీకి, కడిగి, కొత్తది తొక్కుతున్నా."

కెటిల్ మూత గలగలలాడుతోంది. ఎవరూ లేచి దించలేదు. నేను ఎవరి పేరూ ఎత్తలేదు. బస్తాల సంగతి చెప్పానంతే.

ముందుగా నవ్వింది తొయో. నవ్వంటే నవ్వు కాదు, ముక్కులోంచి గాలి.

"నర్సమ్మా, నేను రెండు గరిటెల నీళ్లు పోశాను. ఇక తిట్టండి."

"రెండేనా?" అంది పక్కావిడ. "నేను సగం."

"నువ్వూనా! నీ ఆకుపచ్చ బిళ్ళ చూసి కాదూ నేను సిగ్గుతో చచ్చింది! అంత చప్పగా ఎలా తాగుతున్నారే మీ ఇంట్లో అని నా మొగుడితో చెప్పి మరీ ఏడిచాను!"

"మీ ఇంటి బిళ్ళ చూసే కదా నేను మొదలుపెట్టింది!"

"మా అత్త నేర్పింది నాకు. వేడినీళ్లే పొయ్యి, చన్నీళ్లయితే నూనె తేలుతుంది అని."

ఒక్కొక్కరే చెప్పేశారు. ముప్ఫై మూడు ఇళ్లు, వదినది తప్ప. ప్రతి ఇల్లూ తానొక్కతే దొంగ అనుకుంది. మిగతావాళ్లంతా నిజంగానే తగ్గించారనుకుంది. నర్సమ్మ కష్టం వృథా కాకూడదని, తమ ఇంటి వల్ల ఊరి పటం మీద ఎర్ర మచ్చ పడకూడదని, నెల నెలా నీళ్లు పోస్తూనే ఉంది.

షిగెనో పటం దగ్గరికెళ్లి మొదటి వరస చూసింది. ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"మొదటి నెల ఒక్క ఇంటికే ఆకుపచ్చ. మిగతావన్నీ ఎరుపే. ఆ ఒక్కటీ చూసే రెండో నెల నుంచి అందరం..."

పేరు చదవలేదు. చదవక్కర్లేదు. అందరూ ఉమెనో వదిన వైపు చూశారు. వదిన నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పుడు తల్చుకున్నా నా వీపు నొప్పెడుతుంది.

నర్సమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లేచి కెటిల్ దించింది. టీ పోసుకుంది. మధ్యలో ఉన్న పళ్ళెంలోంచి ఊరగాయ ఆకు ఒకటి తీసి నోట్లో వేసుకుంది. ఏడాదిన్నరలో ఆమె మా ఊరి ఊరగాయ ముట్టడం అదే మొదలు.

"ఉప్పుకషాయం," అంది నముల్తూ. "బావుంది కూడా."

ఆడవాళ్లు నవ్వాలో మానాలో తెలియక సగం నవ్వారు.

"తప్పు నాది. నేను సీసా చూశాను, పీపా చూడలేదు," అని నా వైపు తిరిగింది. "కిసాకు గారూ, పీపాలోనే ఉప్పు తగ్గించి కలపొచ్చా?"

"బూజు పడుతుంది. పులుస్తుంది."

"ఎంత తగ్గిస్తే?"

"తెలీదు. ఎవరూ చూడలేదు. పీపాకి పన్నెండు కుంచాలు. అంచుకి సమానంగా కర్రతో గీసి పోస్తాం. నాన్న చెప్పిన లెక్క అది."

"పట్నంలో చేసి చూశారు. ఉప్పు ఆరో వంతు తగ్గించి ఊరబెట్టారు. పాడవలేదు. కాగితం నా దగ్గరుంది."

"పీపా ఎక్కడ పెట్టారు?"

నర్సమ్మ సంచిలోంచి కాగితం తీసి చూసింది. మళ్లీ మడిచింది.

"చల్లటి గదిలో. మిషన్‌తో చల్లబరిచే గది."

"మా ఇంటి చల్లటి గది ఉత్తరం వైపు చూరు," అంది తొయో. "దాని మిషన్ మా మొగుడు. వేసవిలో గుడ్డ తడిపి పీపా మీద కప్పమంటే సాయంత్రానికి గుర్తొస్తుంది."

ఈసారి నిజంగానే నవ్వారు. నవ్వు ఆగాక నర్సమ్మ అడిగింది.

"రేపు డాక్టరుగారితో నిజం చెప్పేస్తాను. పటం అబద్ధం అని. అది వినగానే ఆయన ఈ ఊరిని వదిలేస్తారు. చూపించడానికి నిజమైనది ఒక్కటైనా ఉంటే ఆపగలను. ఒక్క పీపా చాలు. ఎవరిస్తారు?"

ఎవరూ చెయ్యి ఎత్తలేదు. నేను వాళ్లని తప్పు పట్టను. పీపా అంటే ఇంటికి ఏడాది తిండి. తగ్గించిన పీపా ఎండల్లో పులిసిందంటే ఆ చలికాలం ఊరంతా తిరిగి గిన్నెడు గిన్నెడు అడుక్కోవాలి.

"పాడైతే మా ఆయన నన్నే ఆ పీపాలో ఊరబెడతాడు," అంది తొయో. అది మాత్రం హాస్యానికి అనలేదు.

చీట్లు తీశారు. బాన మొదట వెళ్లాల్సిన ఇల్లు ఉమెనో వదినది వచ్చింది.

పొద్దు వాలుతుండగా బండి తోసుకుంటూ అక్కడికే వెళ్లాను. వదిన తలుపు తీసింది, మొహం చూడలేదు. అన్న లోపల, కింద కుంపటి పెట్టి పైన దుప్పటి కప్పిన పొట్టి బల్ల కిందికి కాళ్లు చాపుకుని గోడకి ఆనుకుని ఉన్నాడు. నేను బాన దించి, నాన్న కుంచం తెచ్చి మెట్టు మీద పెట్టాను. నలుచదరపు చెక్క కుంచం. ఆరు వేళ్ల మందం లోతు. ఉప్పు తిని తిని లోపల తెల్లబడిపోయింది.

"ముప్ఫై నాలుగు అనకపోతే నీ నోరు పడిపోయేదా?" అంది వదిన.

నేను కుంచంలో దుమ్ము దులిపాను.

"ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడతావు. అందులో ఒకటి ఈ రోజే కావాలా? నాన్న పోయి నువ్వు స్కూలు మానేసి వచ్చినప్పుడు తొమ్మిదేళ్లు నీకు. నీ చేతుల్లో ఉప్పు పుళ్లకి మందు రాసింది ఎవరు? ఊరంతా నన్ను చూశారు ఇవాళ. మొదలుపెట్టింది ఉమెనోయే అని."

"నువ్వే కదా మొదలుపెట్టింది."

"కాదు!" వదిన గట్టిగా అంది. "మొదటి నెల నేను నీళ్లు పొయ్యలేదు. నిజంగానే తగ్గించాను. ముద్ద సగమే వేసి కాచాను. ఆ ఆకుపచ్చ బిళ్ళ నిజంది. మీ అన్నయ్య ఒక గుక్క తాగి గిన్నె తీసి ఎడం చేత్తో గోడకి కొట్టాడు. అదిగో మరక. తుడిచినా పోలేదు. ఈ మనిషికి ఇంక మిగిలిందేముంది? నడక లేదు, మాట లేదు, చేతిలో పని లేదు. ఆ గిన్నెడు చారొక్కటే. అది కూడా లాక్కోమంటావా?"

మరక చూశాను. నిజమే, గోడ మీద పెద్దదే ఉంది.

కుంపటి దగ్గర్నుంచి అన్న గొంతు వచ్చింది.

"నీళ్లు... మిసో... కాదు."

ఇద్దరం అటు చూశాం. అన్నకి ఒక్కో మాటా బావిలోంచి తోడినట్టు వస్తుంది. తొందరపెడితే మానేస్తాడు. ఆగాం.

"వరద ఏడు," అన్నాడు. "మిసో... ఎలా ఉంది?"

"ఇప్పుడా సంగతి ఎందుకు?" అంది వదిన. కానీ చెప్పింది. "బావుంది. తియ్యగా ఉంది ఆ ఏడు. ఊళ్లో అందరూ అన్నారు, వరద నీళ్లకి గింజ రుచి మారిందని. నువ్వే పూటకి మూడు గిన్నెలు తాగావు."

అన్న మొహంలో బతికున్న సగం నవ్వింది. ఎడం చెయ్యెత్తి అటక చూపించాడు.

"చెక్క."

నేను పీట వేసుకుని ఎక్కాను. పాత గంపల వెనక, గుడ్డలో చుట్టి, చదరపు చెక్క ముక్క ఒకటి ఉంది. వేలి మందం. అంచుల్లో ఉప్పు గడ్డకట్టి ఉంది. కిందికి దిగాను. అన్న కుంచం వైపు చూశాడు. చెక్కని కుంచంలో వేశాను. అడుగున సరిగ్గా కూర్చుంది. ఎక్కడా సందు లేదు. పైనుంచి చూస్తే కుంచానికి అడుగు అదే అనుకుంటాం.

"వంతెన లేదు. ఉప్పు బండి... రాలేదు," అన్నాడు అన్న. "బస్తాలు... ఇరవై ఎనిమిది. ఇళ్లు... ముప్ఫై నాలుగు."

నాకు లెక్క తెలీదు కానీ కుంచం తెలుసు. ఆరు వేళ్లలో ఒక వేలు. ఆరో వంతు. పట్నంవాళ్లు చల్లటి గదిలో చేసిన పని మా అన్న ఏడేళ్ల కిందట ముప్ఫై నాలుగు చూరుల కింద చేశాడు. ఆడవాళ్లు దంచుతూ పైకి లెక్కపెట్టారు, పన్నెండు అన్నారు, సరిపోయింది అన్నారు.

"ఎవరికీ చెప్పలేదా?"

"చెప్తే... తినరు."

వదిన చేతిలో గుడ్డ తీసి అన్న భుజం మీద కొట్టింది. "నాక్కూడానా? నా పీపాలో కూడానా? ఇన్నేళ్లు నాతో కాపురం చేసి నన్నే మోసం చేశావా?"

అన్న ఆమెని చూశాడు. కష్టపడి మాట తెచ్చుకున్నాడు.

"నువ్వు... నీళ్లు."

వదిన గుడ్డ మడిచి పక్కన పెట్టింది. తరవాత మొహం అటు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. కొంచెం ఏడుస్తోంది కూడా.

నేను లేచేసరికి అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. బతికున్న చేతిలో బలం బాగానే ఉంది.

"పెట్టు. చెప్పకు."

కుంచం, చెక్క చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాను. దారిలో ఒక సంగతి గుర్తొచ్చింది. వంతెన పనిలో మేం ఆగస్టులో కూడా కోట్లు వేసుకున్నాం. ఆ వేసవి చల్లగా గడిచింది. వరి పాలు పోసుకోలేదు. మరి మిసో నిలిచింది ఉప్పు చాలినందుకా, ఎండ లేనందుకా? అన్నకి అది తట్టలేదు. నాకూ జవాబు తెలీదు.

అన్నం తిన్నాను. ఆలోచించాను. చెక్క వేసి ఊరుకోవడం తేలిక. నిలిస్తే మంచిదే. పులిస్తే ఏటి నీళ్లని తిట్టుకుంటారు, నన్నెవరూ అడగరు. కానీ నర్సమ్మ రాసుకునేది మళ్లీ అబద్ధమే అవుతుంది. ఆకుపచ్చ బిళ్ళల కింద నీళ్లు, కుంచం కింద చెక్క. పడుకున్నాను.

మర్నాడు పొద్దున్న చూరు నుంచి మంచు ధారగా కారుతోంది. కుంచం, చెక్క, రంపం తీసుకుని చావిడికి వెళ్లాను. పదయింది. డాక్టరు వచ్చాడు. కళ్లజోడు, నల్ల బూట్లు, మంచి మనిషిలాగే ఉన్నాడు. నర్సమ్మ అప్పటికే నిజం చెప్పేసినట్టుంది. పటం గోడ మీద లేదు, చుట్టి ఆమె పక్కన పెట్టి ఉంది. ఆడవాళ్లంతా ఉన్నారు. వదిన వెనక వరసలో ఉంది.

నేను కుంచం మెట్టు మీద పెట్టాను. చెక్కని నిలబెట్టి, దాని మందం ఎంతో అంత, కుంచం అంచు నుంచి కిందికి బొగ్గుతో గీత గీశాను. నాలుగు వైపులా. తరవాత మాట్లాడాను. నా జన్మలో అంత పొడుగు మాట అంతకు ముందు లేదు, తరవాతా లేదు.

"వరద ఏడు మీరంతా తిన్నది ఈ గీత దాకా పోసిన ఉప్పుతో. మా అన్న చేశాడు, మీకు చెప్పలేదు. బావుందన్నారు. పాడవలేదు. కానీ ఆ వేసవి చల్లగా ఉంది. ఈ వేసవి ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఊరికి కుంచం ఇదొక్కటే. కోస్తే మళ్లీ పెరగదు. వద్దనేవాళ్లు ఇప్పుడే వద్దనండి."

"కిసాకు ఇంత మాట్లాడాడంటే మళ్లీ మంచు పడుతుందర్రా," అంది తొయో. ఎవరూ నవ్వలేదు. తొయో కూడా.

డాక్టరు నర్సమ్మని అడిగాడు, "పీపాలు ఎప్పుడు తెరుస్తారు?"

"కోతలయ్యాక," అన్నాను నేనే.

"అప్పటిదాకా ఈ ఊరి ఫైలు మూయను. కానీ పెద్దాయనా, ఎండలు ముదిరి ముప్ఫై నాలుగు పీపాలూ ఒక్కసారే పులిస్తే?"

నేను చేతికంటిన బొగ్గు తుడుచుకున్నాను. వెనక వరసలోంచి వదిన లేచింది. ఆడవాళ్లు దారిచ్చారు. వచ్చి మెట్టు ముందు నిలబడింది. కుంచం లాక్కుని ఇంటికి పోతుందనుకున్నాను.

"నర్సమ్మా," అంది, నా వైపు చూడకుండా. "కోతల దాకా మా ఆయన తాగాల్సింది పాత మిసోయే కదా. అప్పటిదాకా మనిషి ఉండాలి కదా."

"రోజుకి ఒక్క గిన్నె పెట్టండి," అంది నర్సమ్మ. "నీళ్లు కలపొద్దు. ముక్కలు ఎక్కువ వేసి, చారు తక్కువ పొయ్యండి. రుచి రుచిగానే ఉంటుంది."

"ఒక్క గిన్నె," అంది వదిన. "సరే. ఇక సీసా తేను. రోజూ వచ్చి మా ఇంట్లో కూర్చుని చూసుకోండి."

మెట్టు ముందు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో కుంచాన్ని కదలకుండా పట్టుకుంది.

"మొదటి చీటీ మాది. కొయ్యి," అంది.

కోశాను. ఎండిన దేవదారు, ఉప్పు నీళ్లు తాగి రాయిలా ఉంది. నాలుగో వైపు కోసేసరికి చెయ్యి పట్టేసింది. అంచు ఊడి మెట్టు మీద పడింది. నలుచదరపు చట్రం. వదిన దాన్ని తీసి పొట్టు దులిపి ఒళ్లో పెట్టుకుంది. వద్దని ఎవరూ అనలేదు. ఔనని కూడా ఎవరూ అనలేదు.

డాక్టరు ఇంకా నా వైపే చూస్తున్నాడు. ఎండల సంగతి కోతలయ్యాకే తెలుస్తుంది. కుంచం చంకలో పెట్టుకుని వదిన ఇంటికి వెళ్లాను. అన్నని వాకిట్లోకి తెచ్చి పీట మీద కూర్చోబెట్టాను. గింజలు బానలో పోసి నీళ్లు పట్టాను. కట్టెలు పేర్చి నిప్పు పెట్టాను. ఊళ్లో ఇంకా మంచు ఉంది. అయినా పొయ్యి అంటుకునేలోపే వీపంతా చెమట పట్టింది. ఎండ అలా ఉంది. కోటు విప్పి కంచె మీద వేశాను. బాన పనిలో దిగిన ఇన్నేళ్లలో మొదటి రోజే కోటు విప్పింది ఆ ఒక్క ఏడే.